పాత బేస్‌బాల్ కార్డు కొనేటప్పుడు ఏం చూడాలి

అమెరికాలోని ఎడిసన్ ఊరికి వచ్చిన కొత్తలో, టాప్స్ అనే కంపెనీ 1971లో వేసిన కార్డు, రాబర్టో క్లెమెంటే అనే ఆటగాడి బొమ్మున్నది కొన్నాను. ఆ ఏడాది కార్డులకి నల్ల అంచు. చిన్న దెబ్బ తగిలినా తెల్లగా లేస్తుంది. నాది నిగనిగలాడుతోంది! ఇంటికొచ్చి లెన్స్‌తో పక్కనుంచి చూస్తే, అట్ట తెలుపు కనపడాల్సిన చోట కూడా నల్ల సిరాయే. పెన్నుతో రంగు పూశారు. ఇప్పుడు నల్ల అంచు కార్డేదైనా ముందు పక్కనుంచే చూస్తాను.

తర్వాత మూలలు: పీచు లేచిందా, గుండ్రంగా అరిగిందా. ఆపైన కార్డుని దీపం కింద ఏటవాలుగా తిప్పండి. ఎదురుగా కనపడని సన్నటి ముడత అప్పుడు గీతలా మెరుస్తుంది. కొలవండి కూడా. 1971 కార్డు 2.5 అంగుళాల వెడల్పు, 3.5 ఎత్తు, 1952వి ఇంకొంచెం పెద్దవి. మూలలు పదునుగా ఉండి కొలత తగ్గితే అంచు కత్తిరించారేమో అనుమానించాలి. అదే సెట్‌లో, అంటే ఆ ఏడాది ఆ కంపెనీ వేసిన కార్డుల్లో, చవకదొకటి దగ్గర ఉంచుకుని, దాని పక్కన పెట్టి చూడటం నా పద్ధతి.

ఎన్ని అచ్చయ్యాయన్నది ఒక లెక్క, ఎన్ని బాగా మిగిలాయన్నది ఇంకో లెక్క. 1952 టాప్స్ సెట్‌లో 1వ నంబరు కార్డు ఆండీ పాఫ్కో అనే ఆటగాడిది. పిల్లలు కార్డులు వరసగా పేర్చి రబ్బరు బ్యాండు వేసేవాళ్లు, రాపిడంతా పైనున్న పాఫ్కోకే. అందుకే మచ్చలేని పాఫ్కో దొరకడం కష్టం. కార్డు ఎంత బాగుందో చూసి 1 నుంచి 10 దాకా గ్రేడిచ్చే సంస్థలున్నాయి, పీఎస్ఏ అందులో ఒకటి. పీఎస్ఏ 10 గ్రేడు పాఫ్కో 1998లోనే 80 వేల డాలర్లు దాటింది. అదే సెట్‌లో 311వ నంబరు, మిక్కీ మాంటిల్ అనే ఆటగాడి కార్డుది వేరే కథ: అలాంటి కార్డులున్న అమ్ముడుపోని పెట్టెల్ని 1960లో టాప్స్ అట్లాంటిక్‌లో పారబోయించింది. 9.5 గ్రేడు మాంటిల్ 2022లో 1.26 కోట్ల డాలర్లు పలికింది.

1987 టాప్స్ పెట్టె విప్పకుండా దాచుకున్నవాళ్లు చాలామంది. అవి కుప్పలుగా అచ్చయ్యాయి, అందరూ జాగ్రత్తగానే దాచారు కాబట్టి కొత్తగా ఉన్నా ధర రాదు. 1909లో సిగరెట్ పెట్టెల్లో వచ్చిన, హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి కార్డు దీనికి పూర్తిగా తిరగేసిన లెక్క. కొన్ని పదులే మిగిలాయి, గ్రేడు 1 వచ్చినా పది లక్షల డాలర్లు దాటుతుంది.

మనలాంటివాళ్లకి నా సలహా: బొమ్మ ఒక పక్కకి జరిగిన 6 గ్రేడు కన్నా, చక్కగా మధ్యలో ఉన్న 4 తీసుకోండి. చూసినకొద్దీ చూడాలనిపిస్తుంది, డబ్బూ మిగులుతుంది. గ్రేడు చేయించని కార్డయితే కవర్లోంచి తీసి చూపించమని అడగండి. తీయనంటే నేను కొనను.