ఇంట్లో బేకింగ్ – 5వ పాఠం: మీ ఓవెన్ చెప్పే డిగ్రీలు నిజమేనా?

గత పాఠంలోని వెనీలా స్పాంజి కేకు ఎలా వచ్చింది? మా వీధిలో ఈ పాఠాలతో పాటే చేస్తున్నవాళ్లం నలుగురం ఉన్నాం. ఆదివారం మా ఇంట్లో కూడి ఎవరి కేకు వాళ్లు కోసి చూపించాం. కొలతలు ఒకటే, మైదా ఒకే కొట్టులోది, టిన్నులన్నీ ఏడంగుళాలవే. కేకులు మాత్రం నాలుగు తీర్లు. ఒకటి గుట్టలా లేచి పైన పగిలింది. ఒకటి నడుమ గుంట పడింది. మరొకటి ఓ పక్క మాడిపోయింది. పక్కింటి అక్కయ్యది మాత్రమే సమంగా పొంగింది. ఆమెది పదేళ్ల నాటి పాత ఓటీజీ (కాల్చడానికి, టోస్టుకి, గ్రిల్లుకి పనికొచ్చే చిన్న కరెంటు ఓవెన్). కొత్త ఓవెన్ కొని మురిసిపోతున్న నాదే ఆ గుంట కేకు.

కేకు పాడైతే మనం ముందు గుడ్లను, బేకింగ్ పౌడరును అనుమానిస్తాం. ఈసారి నేరం ఓవెన్‌ది. వేడి ఎక్కువైతే కేకు పైభాగం, అంచులు ముందే గట్టిపడతాయి. లోపలి పిండి ఇంకా పొంగుతూ దారి వెతుక్కుని పైన పగలగొట్టుకుని వస్తుంది. వేడి తక్కువైతే పొంగిన పిండి బిగుసుకునేలోపే కూలిపోతుంది. మధ్యలో తలుపు తెరిచినా ఇదే ఫలితం. అందుకే చెప్పిన సమయంలో మూడింట రెండు వంతులు గడిచేదాకా తలుపు జోలికి వెళ్లకండి. పిల్లలు తొంగిచూడాలని గోల చేసినా సరే.

ఇప్పుడు నాబ్ సంగతి. చాలా ఓటీజీల్లో థర్మోస్టాట్, అంటే వేడిని అదుపు చేసే భాగం, రెండు లోహాలు అతికించిన ఒక చిన్న రేకు. వేడికి ఒక లోహం రెండోదానికన్నా ఎక్కువ సాగుతుంది కాబట్టి రేకు వంగి, కరెంటును తెంచుతుంది. చల్లబడితే మళ్లీ కలుపుతుంది. లైటు ఆరుతూ వెలుగుతూ ఉండేది అందుకే. అంటే 180 అని పెట్టినా లోపలి వేడి 180 దగ్గర నిలవదు, దానికి అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగడం సహజమే, దానితో కేకుకు పెద్ద ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా నాబ్ మీద అచ్చువేసిన అంకెకూ లోపలి సగటు వేడికీ పొంతన లేకపోవడమే. నా ఓవెన్‌లో డయల్ థర్మామీటరు పెట్టి ఇరవై నిమిషాల తర్వాత చూస్తే, నాబ్ 180 దగ్గర ఉంది, లోపల 150. ఇప్పుడు నాబ్‌ను 205కు తిప్పితే నాకు 180 దొరుకుతోంది. ఆ మాట ఒక చీటీ మీద రాసి ఓవెన్ పక్కన అంటించాను.

థర్మామీటరు లేనివాళ్లు పంచదారతో చూడవచ్చు. పంచదార సుమారు 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అల్యూమినియం రేకును చిన్న గిన్నెలా మడిచి, చెంచాడు పంచదార వేసి, ముందే బాగా వేడెక్కిన ఓవెన్‌లో నాబ్ 175 దగ్గర ఉంచి పదిహేను నిమిషాలు పెట్టండి. పలుకులు పలుకులుగానే ఉండాలి. కరిగితే మీ ఓవెన్ చెప్పినదానికంటే ఎక్కువ కాలుస్తోంది. తర్వాత కొత్త పంచదారతో 190 దగ్గర అంతసేపే పెట్టండి. ఈసారి కరగాలి. కరగకపోతే వేడి చాలడం లేదు. కరిగిన పంచదార చర్మానికి అంటుకుంటే వదలదు, వేలు పెట్టి చూడకండి.

పరీక్షలో నెగ్గిన ఓవెన్ కూడా ఒక్కోరోజు మొరాయిస్తుంది. మే నెల సాయంత్రం వీధిలో ఏసీలన్నీ నడుస్తున్నప్పుడు బేక్ చేసి చూడండి, మీకే తెలుస్తుంది. అప్పుడు వోల్టేజి పడిపోతుంది. ఓవెన్‌ను వేడెక్కించే రాడ్డు ఇచ్చే వేడి వోల్టేజి వర్గాన్ని (వోల్టేజిని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి ఉంటుంది. 230 వోల్టులు రావాల్సిన చోట 190 వస్తే తగ్గేది ఆరో వంతే కదా అనిపిస్తుంది. కానీ వేడి దాదాపు మూడో వంతు పడిపోతుంది. 1500 వాట్ల ఓవెన్ వెయ్యి వాట్లదిగా మారిపోతుంది. అది చివరికి 180కి చేరినా, టిన్ను పెట్టడానికి తలుపు తెరిచాక పోయిన వేడిని మళ్లీ పుంజుకోవడానికి చాలాసేపు పడుతుంది. కేకు పొంగాల్సిన తొలి పది నిమిషాలు అక్కడే పోతాయి. నేను అందుకే ఎండాకాలంలో ఉదయం ఆరింటికే ఓవెన్ వెలిగిస్తాను. వంటింట్లో చెమట కూడా తక్కువ!

ప్లగ్గు గురించి ఒక హెచ్చరిక. 1500 వాట్లంటే ఆరున్నర ఆంపియర్లు. మామూలు 6 ఆంపియర్ల సాకెట్టు, ఎక్స్‌టెన్షన్ బాక్సు దీనికి పనికిరావు. పెద్ద పిన్నుల 16 ఆంపియర్ల సాకెట్టుకే పెట్టండి. ప్లగ్గు తాకితే వేడిగా ఉందంటే ఆ రోజుకు బేకింగ్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఇక ఓ పక్క మాడిన కేకు. ప్రతి ఓవెన్‌లోనూ ఎక్కువ కాలే మూల ఒకటి ఉంటుంది. అది ఎక్కడుందో కనుక్కోవడమే ఈ వారం ఇంటిపని, దానికి నాన్‌ఖతాయీ చేద్దాం. మైదా 100 గ్రాములు, శనగపిండి 20, బొంబాయి రవ్వ 20, పంచదార పొడి 60, పేరిన నెయ్యి 75, వంటసోడా పావు చెంచా, కొంచెం యాలకుల పొడి. నెయ్యి, పంచదార పొడి తెల్లగా నురగలా అయ్యేదాకా గిలక్కొట్టండి. కరెంటు హ్యాండ్ బీటరుతో అయితే రెండు మూడు నిమిషాలకోసారి ఆపండి; మా చెల్లెలి బీటరు ఆపకుండా తిప్పితేనే కాలిన వాసన కొట్టి మూలపడింది. పిండ్లు, సోడా కలిపి మెత్తగా చేత్తో దగ్గరికి తీయండి, పిసకవద్దు. పన్నెండు ఉండలు చేసి కొద్దిగా నొక్కి, ట్రే మీద నాలుగు చొప్పున మూడు వరసలుగా పేర్చండి. మధ్య అరలో, నిజమైన 160 డిగ్రీల వేడిలో పదిహేను నుంచి పద్దెనిమిది నిమిషాలు. ఈసారికి ట్రే తిప్పకండి.

బయటికి తీశాక వాటిని కదపకుండా ఫోనులో ఫొటో తీసుకోండి, లేదా కాగితం మీద పన్నెండు సున్నాలు గీసి ఏది ఎంత ఎర్రబడిందో రాసుకోండి. అదే మీ ఓవెన్ పటం. వచ్చే పాఠంలో బ్రెడ్డు మొదలుపెట్టినప్పుడు టిన్ను ఎక్కడ పెట్టాలో, సగం సమయానికి ఎటు తిప్పాలో దాన్ని చూసే నిర్ణయిస్తాం. మాడిన మూలలోవాటిని పారేయకండి, మా ఇంట్లో టీకి ముందు అయిపోయేవి అవే.