నడుము పట్టేసిందా? నొప్పి ఎక్కడిదాకా పోతోందో ముందు చూడండి

శనక్కాయ పీకే రోజుల్లో అనంతపురం పల్లెల్లోనైనా, ఏడాది పొడవునా బండలు మోసే బేతంచెర్లలోనైనా ఎవర్ని కదిపినా నడుము నొప్పే చెప్తారు. వెంటనే స్కానింగ్ అంటారు. దానికంటే ముందు ఇంట్లోనే తెలుసుకోగలిగింది చాలా ఉంది.

మెడలో 7 పూసలు, నడుములో 5. పూసకూ పూసకూ మధ్య మెత్తటి డిస్క్ ఉంటుంది, దాని చుట్టూ ఉన్న గట్టి పొర చిరిగితే లోపలి గుజ్జు బయటికి పొడుచుకొచ్చి పక్కనున్న నరాన్ని నొక్కుతుంది. నడుములో ఇది ఎక్కువగా కింది రెండు డిస్కుల్లోనే వస్తుంది, బరువంతా అక్కడే పడుతుంది కాబట్టి.

నొప్పి నడుములోనే ఉండి వంగినప్పుడో లేచినప్పుడో పట్టేస్తుంటే చాలామందికి కొన్ని వారాల్లో అదే తగ్గిపోతుంది. పిరుదు నుంచి మోకాలు దాటి పాదం దాకా కరెంటు కొట్టినట్టు లాగుతూ, దగ్గినా తుమ్మినా ఎక్కువైతే అది సయాటికా, అంటే నడుము నుంచి కాల్లోకి దిగే నరం నొప్పి. అప్పుడు గోడ పక్కన నిలబడి మడమల మీద నాలుగడుగులు, తర్వాత మునివేళ్ల మీద నాలుగడుగులు వేసి చూడండి. ఒక పాదం సహకరించకపోతే నరం బలహీనపడుతోందేమో అని అనుమానించి డాక్టర్‌కు చూపించుకోండి. పెద్దవాళ్లకైతే కాసేపు నడవగానే కాళ్లు బరువెక్కి, కూర్చుంటేనో ముందుకు వంగితేనో హాయిగా ఉంటే వెన్నులో నరాల దారి ఇరుకై ఉండొచ్చు.

మెడ నొప్పి చేతిలోకి దిగి వేళ్లు తిమ్మిరెక్కడం మామూలుగా చూసేదే. కానీ చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైనా, నడకలో తూలుతున్నా వెన్నుపామే నలుగుతూ ఉండొచ్చు, ఆలస్యం చేయొద్దు. దయచేసి సెలూన్‌లో మెడ విరిపించుకోకండి, అరుదుగానే అయినా మెదడుకు వెళ్లే రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.

మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, రెండు కాళ్లూ పట్టు తప్పుతున్నా తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే కర్నూలో, అనంతపురమో, కడపో, దగ్గరున్న పెద్దాసుపత్రికి వెళ్లండి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు పెరిగే నొప్పి ఉంటే వెన్నుపూసల టీబీ ఏమో చూపించుకోవాలి.

మిగతా వాళ్లు మంచం పట్టకండి. నొప్పి మరీ ఎక్కువుంటే ఒకట్రెండు రోజులు విశ్రాంతి, ఆ తర్వాత మెల్లగా నడవాలి. బండ ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, దాన్ని పొట్టకు ఆనించుకుని లేవండి, పక్కకు తిరగాలంటే నడుము మెలిపెట్టకుండా పాదాలు జరపండి, పెద్ద బండైతే ఇంకొకర్ని పిలవండి. చేలో వంగి పని చేసేవాళ్లు మధ్యమధ్యలో లేచి, చేతులు నడుముకు ఆనించి కొంచెం వెనక్కి వంగాలి.

ఎంఆర్ఐ రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ (డిస్క్ కాస్త ఉబ్బింది) అని ఉందని టెన్షన్ పడకండి, ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా అది కనిపిస్తుంది, మీ లక్షణాలతో సరిపోతేనే దానికి లెక్క. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలు మాత్రం వారాల తరబడి మింగొద్దు, ముఖ్యంగా బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు కిడ్నీలు దెబ్బతింటాయి.