రౌతుల తోలు సామాను: సమస్య ఎక్కడ, మరమ్మతు ఎలా

వరంగల్, హనుమకొండ వైపు పెళ్లి బారాతు గుర్రాలను పోషించేవారి ఇళ్లలో వానాకాలం దాటేసరికి తోలు సామానుకు ఒకే రకం జబ్బులు కనిపిస్తాయి. బకిళ్ల చుట్టూ చిలుము, జీను మీద చీలికలు, సాగిన పట్టీలు. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా ఆశ్వికదళానికీ ఇవే తిప్పలు. ప్రభుత్వం ఇచ్చిన సామానును ఆ రౌతులు ఉన్నదున్నట్టు వాడుకోలేదు. కోశారు, కుట్టారు, మార్చారు.

లోహం తగిలే చోట పచ్చటి జిడ్డు

కారణం: తంగేడు చెక్కతోనో కరక్కాయతోనో పదును చేసిన తోలులో వగరు మిగిలి ఉంటుంది. దాన్నే టానిన్ అంటారు. తేమ తోడైతే అది రాగినీ ఇత్తడినీ తింటుంది.

ఆ అమెరికా రౌతుల పొట్టి తుపాకీ, 1873 నమూనా స్ప్రింగ్‌ఫీల్డ్ కార్బైన్. దాని తూటాకు రాగి తొడుగు ఉండేది. తోలు పట్టీలో చాలాకాలం ఉన్న తూటాకు చిలుము పట్టేది. కాల్చగానే ఆ తొడుగు వేడెక్కిన తుపాకీలో అతుక్కుపోయేది. లాగే కొక్కెం దాని అంచును చీల్చేదే గాని తొడుగు బయటికి వచ్చేది కాదు. శత్రువు ఎదురుగా ఉండగా చాకుతో పెకిలించుకోవాలి! తూటాలను ఎంత తుడిచినా లాభం లేదని తెలిసి, సిపాయిలు నడుం పట్టీలకు కాన్వాసు గుడ్డతో తూటాల అరలు కుట్టించుకున్నారు. 1876లో సైన్యమే అలాంటి పట్టీని అధికారిక నమూనాగా తీసుకుంది. అవసరం ఎవరిదో ఉపాయమూ వారిదే అయింది.

పరిష్కారం: ముందు బకిలు ఊడదీయండి. తోలు మీది చిలుమును వెదురు పుల్లతో గీకి, పొడిగుడ్డతో తుడవండి. బకిలును చింతపండుతో తోమవచ్చు, కానీ విడిగా తోమాలి. పట్టీకి ఉండగానే తోమితే పులుపు తోలులోకి దిగి చిలుము మళ్లీ పుడుతుంది. కడిగి ఆరబెట్టాక, బకిలు తగిలే మడతలో మైనం రుద్దిన మందపాటి గుడ్డ ముక్క పెట్టి కుట్టండి. తుప్పు పట్టని స్టీలు బకిలు వేయించుకుంటే ఈ బాధే ఉండదు, అందం కాస్త తగ్గుతుంది.

జీను కుట్లు విచ్చుకోవడం, కూర్చునే చోట చీలిక

కారణం: అమెరికా ఆశ్వికదళానికి 1859లో వచ్చిన మెక్‌క్లెల్లన్ జీనుకు చెక్క చట్రం మీద పచ్చితోలు తొడిగేవారు. పచ్చితోలు తడిస్తే సాగుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. డప్పును మంట దగ్గర కాచి బిగించేది ఈ గుణాన్ని నమ్ముకునే. డప్పుకు మేలు చేసే గుణమే జీనుకు కీడు చేసింది. వాన, ఎండ మార్చి మార్చి తగిలి కుట్లు పగిలేవి, పదునైన అంచులు రౌతునూ గుర్రాన్నీ కోసేవి. తర్వాతి కాలంలో పైన పదును చేసిన తోలు కప్పారు.

పరిష్కారం: పగిలిన కుట్టు మీదే మళ్లీ కుట్టకండి. పాత రంధ్రాలు బలహీనపడి ఉంటాయి. పక్కన ఆరెతో కొత్త రంధ్రాలు పొడిచి, మైనం పట్టించిన దారంతో రెండు సూదుల కుట్టు వేయించండి. తడిసిన జీనును పొయ్యి దగ్గర గాని, మే నెల ఎండలో గాని ఆరబెట్టవద్దు. నీడ, గాలి చాలు. కాస్త చెమ్మ ఉండగానే ఆముదం పలచగా రాయండి. ఎక్కువ రాస్తే తోలు మెత్తబడి సాగుతుంది, దుమ్ము పడుతుంది. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్లతో నడుస్తుందంటారు. జీను మెత్తనైనా అంతే.

పట్టీ అరల నుంచి వస్తువులు జారిపోవడం

కారణం: తోలు వాడకంలో సాగుతుంది, తిరిగి బిగుసుకోదు. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో (1899-1902) బ్రిటిష్ రౌతులు ఇలా తూటాలు పారేసుకున్నారు. 1903 నమూనా భుజపట్టీలో అందుకే మూత ఉన్న సంచులు పెట్టారు.

పరిష్కారం: అరను కుదించడం తాత్కాలికమే. మూత ఉన్న చిన్న సంచి కుట్టించండి.

మూత అడ్డొచ్చి వస్తువు చేతికి త్వరగా అందకపోవడం

పిస్తోలు ఒర మీది పెద్ద మూతను విసుగెత్తిన అమెరికా రౌతులు కొందరు కోసి పారేశారు. మీరు మాత్రం కోయకండి. వెనక్కి మడిచి నడుం పట్టీ కింద దోపుకోండి, శ్రావణం ముసురు పట్టినప్పుడు మళ్లీ దించుకోవచ్చు.