బ్యాంకు మారేముందు క్రెడిట్ కార్డు బాకీ సంగతి చూడండి

పైడిభీమవరం కంపెనీల్లో ఉద్యోగం మారితే చాలామందికి జీతం బ్యాంకు కూడా మారిపోతుంది. పాత ఖాతా వెంటనే మూసేయకండి. కార్డు బిల్లు ఆటోపే (ప్రతి నెలా బిల్లు దానంతటదే కట్టే ఏర్పాటు) దాని మీదే ఉంటే, డబ్బు లేక వెనక్కి వెళ్తుంది, ఆలస్య రుసుము పడుతుంది. ముందు ఆటోపే కొత్త ఖాతాకి మార్చి, ఒక బిల్లు సరిగ్గా కట్టాక అప్పుడు మూయండి. జీతం ఆగిన ఖాతాకి కనీస నిల్వ నిబంధన రావచ్చు, అదీ అడగండి.

బాకీ ఉన్నవాళ్లు బిల్లులో చూపే కనీస మొత్తం (మినిమమ్) కట్టి ఊరుకోవద్దు, దయచేసి. 20,000 బాకీకి నెలకు 3.5 శాతం వడ్డీ 700, దానిపై 18 శాతం జీఎస్టీ 126. మీరు 1,000 కడితే అసలులో తగ్గేది 174 రూపాయలే! పైగా బాకీ తీరేదాకా కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ మొదటిరోజు నుంచే వడ్డీ. కాబట్టి ముందు గీకడం ఆపండి. ఇంట్లో కాస్త బంగారం ఉంటే ప్రభుత్వ బ్యాంకులో కుదువపెట్టి కార్డు తీర్చేయడం నయం, అక్కడ వడ్డీ ఇందులో మూడోవంతు కూడా ఉండదు.

బాకీ తీరాక కార్డు రద్దు కోరితే బ్యాంకు 7 పనిదినాల్లో చెయ్యాలి. ఆలస్యమైతే రోజుకి 500 మీకే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. కోరిక రాతపూర్వకంగా పెట్టండి.