టీపీ4056 చార్జింగ్ మాడ్యూల్: ఎర్ర లైటు ఎందుకు ఆరదు?

రాత్రంతా పెట్టినా ఎర్ర లైటు ఆరదు

టీపీ4056 అంటే లిథియం సెల్‌ను చార్జ్ చేసే ఐసీ, అది ఉన్న చిన్న బోర్డే ఈ మాడ్యూల్. చార్జ్ అవుతుంటే ఎర్ర లైటు, నిండాక నీలం లైటు వెలగాలి. ఎర్ర లైటు ఆరకపోతే ఎక్కువమంది మాడ్యూల్ పోయిందనుకుని ఇంకొకటి కొంటారు. ముందు లోడ్‌ను, అంటే ఆ సెల్ మీద నడిచే మీ బోర్డును, తీసేసి చార్జ్ చేసి చూడండి. నీలం లైటు వస్తే మాడ్యూల్ బాగానే ఉన్నట్టు.

ఈ ఐసీ బ్యాటరీని 4.2 వోల్టుల దాకా తీసుకెళ్లి, కరెంటు పదో వంతుకు తగ్గాక చార్జింగ్ ఆపుతుంది. 1 ఆంపియర్ సెట్టింగ్‌లో అది 100 మిల్లీ ఆంపియర్లు. మీ వైఫై బోర్డు అదే తీగ మీద నుంచి 150 లాగుతుంటే కరెంటు ఎప్పటికీ 100కి దిగదు. లోడ్ లాగేదేదో, బ్యాటరీ తీసుకునేదేదో ఐసీకి తెలిసే దారి లేదు. పాపం సెల్ గంటల తరబడి 4.2 వోల్టుల దగ్గరే ఉండి త్వరగా ముసలిదవుతుంది.

అందుకే లోడ్‌కు వేరే దారి ఇవ్వాలి. యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టుల నుంచి లోడ్‌కు ఒక షాట్కీ డయోడ్ (కరెంటును ఒకవైపే, తక్కువ వోల్టేజీ నష్టంతో పోనిచ్చేది) వేయండి. దాంతోపాటు స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్, అంటే తక్కువ గేట్ వోల్టేజీకే ఆన్ అయ్యే పీ-చానల్ మాస్‌ఫెట్ తీసుకుని డ్రెయిన్‌ను అవుట్ ప్లస్‌కు, సోర్స్‌ను లోడ్‌కు, గేట్‌ను 5 వోల్టులకు కలపండి. గేట్ నుంచి గ్రౌండ్‌కు 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ మరవకండి. అది లేకపోతే కేబుల్ తీసినప్పుడు మాస్‌ఫెట్ సరిగా ఆన్ కాదు. డ్రెయిన్, సోర్స్ తారుమారైతే 5 వోల్టులు దాని లోపలి డయోడ్ గుండా నేరుగా బ్యాటరీలోకి పోతాయి, ఇది చాలా ప్రమాదం. కేబుల్ ఉన్నప్పుడు లోడ్‌కు 4.7 వోల్టుల దాకా వస్తాయి కాబట్టి 3.3 వోల్టుల బోర్డుకు రెగ్యులేటర్ తప్పనిసరి.

కొత్తగా డిజైన్ చేస్తుంటే ఈ తంటా వద్దు, పవర్ పాత్ (లోడ్‌కు వేరే దారి) లోపలే ఉన్న బీక్యూ24075, ఎంసీపీ73871 లాంటి చార్జింగ్ ఐసీలు వాడండి.

ఐసీ చెయ్యి కాలేంత వేడి

ఇది లీనియర్ చార్జర్, అంటే మిగిలిన వోల్టేజీని వేడిగా వదిలేస్తుంది. 5 వోల్టుల ఇన్‌పుట్, 3.7 వోల్టుల సెల్, 1 ఆంపియర్ అంటే 1.3 వాట్లు వేడిగా పోతాయి. చార్జింగ్ కరెంటును నిర్ణయించే 1.2 కిలో ఓమ్‌ల ప్రోగ్ రెసిస్టర్ తీసి 2 కిలో ఓమ్‌లది వేస్తే కరెంటు 580 మిల్లీ ఆంపియర్లకు తగ్గుతుంది. 300 ఎంఏహెచ్ లాంటి చిన్న సెల్‌కు మాత్రం 10 కిలో ఓమ్‌లు వేయాలి, అప్పుడు 130 వస్తుంది. ఆ సెల్‌ను 1 ఆంపియర్‌తో ఒక్కసారి కూడా చార్జ్ చేయవద్దు.

సెల్ పెట్టినా అవుట్‌పుట్ సున్నా

డీడబ్ల్యూ01 రక్షణ ఐసీ ఉన్న మాడ్యూళ్లలో ఇది మామూలే. ఒక్కసారి చార్జర్ పెట్టి తీయండి, మేల్కొంటుంది. సెల్ ఉబ్బి ఉంటే మాత్రం ఆ ప్రయత్నం వద్దు, పక్కన పెట్టేయండి.

టైప్-సీ నుంచి టైప్-సీ కేబుల్‌తో లైటే వెలగదు

బోర్డు మీద సీసీ పిన్లకు (పరికరం తగిలిందని చార్జర్‌కు తెలిపేవి) 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు లేవు. టైప్-ఏ కేబుల్ వాడండి.

బీక్యూ24075 పెట్టాక చార్జింగే మొదలవదు

టీఎస్ పిన్ (సెల్ వేడిని గమనించేది) ఖాళీగా వదిలేశారేమో చూడండి. థర్మిస్టర్ (వేడిని బట్టి మారే రెసిస్టర్) వాడకపోతే అక్కడి నుంచి గ్రౌండ్‌కు 10 కిలో ఓమ్‌లు వేయాలి.