రాత్రి బడి పెద్దల మాటలు రికార్డు చేసే ముందు

ఎవరి వసారాలోనో లాంతరు పెట్టి ఊరివాళ్లే నడుపుకున్న రాత్రి బడుల సంగతులు చెప్పగలిగే పెద్దలు చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ఏటేటా తగ్గిపోతున్నారు. రెండోసారి అడిగే అవకాశం రాకపోవచ్చు. బయలుదేరే ముందే ఇవి చూసుకోండి.

- ఈ మాటలు ఎవరు వింటారో, ఎక్కడ దాస్తారో ముందే చెప్పి అనుమతి తీసుకోండి. ఏ ముక్కనైనా తర్వాత తీసేయమనే హక్కు వారిదే. కులం పేరుతో బడి బయట కూర్చోబెట్టిన జ్ఞాపకాలు రావచ్చు. అక్కడ మాట ఆగితే మీరూ ఆగండి. దయచేసి ఆ మౌనాన్ని కత్తిరించవద్దు.
- ఫోను ఫ్లైట్ మోడ్‌లో, ఫ్యాను ఆపి, ఒక నిమిషం రికార్డు చేసి వినండి. రికార్డింగ్ సెట్టింగుల్లో వేవ్ ఫైలు (ధ్వనిని కుదించకుండా దాచేది), 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మంచిది. ఎంపీ3 కొంత ధ్వనిని శాశ్వతంగా వదిలేస్తుంది.
- తిరుపతిలో గంగమ్మ జాతర వారం వద్దు, మైకుల హోరు.
- "ఏ సంవత్సరం?" అంటే చాలామంది తడబడతారు. వారికి గుర్తుండే సంఘటనతో ముడిపెట్టి, "1960లో చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లేనాటికి బడి ఉందా?" అని అడగండి. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది కాబట్టి ఊరి పక్కన అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా రెండూ రాయండి.
- నగరి, కుప్పం వైపు మాటల్లో తమిళం కలుస్తుంది. సరిదిద్దకుండా విన్నది విన్నట్టే రాసుకోండి.
- పాత హాజరు పట్టీలు, ఫోటోలు ఇంటికి తేవద్దు. ఆల్బం నుంచి ఊడదీయకుండా అక్కడే ఫోటో తీయండి.
- ఆ రాత్రే మూడు ప్రతులు చేసి, ఒకటి వేరే ఇంట్లో ఉంచండి.