జపమాలతో ప్రార్థన చేయడం ఎలా?

తిరుపతిలో మాల అంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల అంగళ్లలో తులసి మాలలు వేలాడుతుంటాయి. వాటికి 108 పూసలని చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. అందుకే మా పక్కింటామె నా చేతిలో మాల చూడగానే అడిగిన మొదటి మాట, "మీదానికి ఎన్ని పూసలమ్మా?" అని. నాది కతోలిక క్రైస్తవుల జపమాల, అదే రోజరీ. 59 అన్నాను. "అదేం లెక్క?" అంది.

ఆ లెక్క తెలిస్తే సగం పని అయిపోయినట్టే. మాలను ఒళ్లో పరిచి చూడండి. కింద ఒక సిలువ, దాని పైన ఐదు పూసల చిన్న తోక, ఆ పైన మరియమ్మ బొమ్మ ఉన్న బిళ్ల, అక్కడి నుంచి గుండ్రంగా తిరిగే పెద్ద దండ. దండలో పదేసి చిన్న పూసల వరుసలు ఐదు ఉంటాయి. వరుసకూ వరుసకూ మధ్య ఎడంగా ఒక్కో పెద్ద పూస. చిన్నవి మొత్తం 53, పెద్దవి 6. చిన్న పూసకు మంగళవార్త జపం, అంటే మరియమ్మ జపం. పెద్ద పూసకు పరలోక జపం, అంటే యేసు నేర్పిన "పరలోకమందున్న మా తండ్రీ" ప్రార్థన. పూర్వం మఠాల్లో సన్యాసులు 150 కీర్తనలు చదివేవారు. చదువు రాని జనం వాటికి బదులుగా 150 సార్లు మరియమ్మ జపం చెప్పుకునేవారు. ఈ పదుల లెక్క అక్కడి నుంచి వచ్చిందే.

మాల ఏదైనా పర్వాలేదు. వేళాంగణ్ణి వెళ్లొచ్చినవాళ్లు తెచ్చిచ్చే ప్లాస్టిక్ మాల చాలు. నాకైతే చెక్క పూసలే ఇష్టం, చెమట పట్టినా వేళ్లకింద జారవు. కొత్త మాలైతే గుడిలో ఫాదర్ గారి చేత ఆశీర్వాదం చేయించుకోండి.

ఇక మొదలుపెట్టే పద్ధతి. సిలువను పట్టుకుని సిలువ గుర్తు వేసుకుని విశ్వాస సంగ్రహం (మన నమ్మకాలను క్లుప్తంగా చెప్పే జపం) చెప్పాలి. తోకలోని మొదటి పెద్ద పూసకు పరలోక జపం. తర్వాతి మూడు చిన్న పూసలకు మూడు మంగళవార్త జపాలు: విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ మనలో పెరగాలని. ఆపైన త్రిత్వ స్తోత్రం, అంటే తండ్రికీ కుమారునికీ పవిత్రాత్మకూ మహిమ చెప్పే చిన్న జపం. తోకలో మిగిలిన చివరి పెద్ద పూస దగ్గర ఆ రోజు మొదటి దేవరహస్యం (యేసు, మరియమ్మల జీవితంలోని ఒక ఘట్టం, రోజుకు ఐదు) పేరు చెప్పుకుని, పరలోక జపం చెప్పి, బిళ్ల దాటి దండలోకి వెళ్తాం. పది పూసలకు పది మంగళవార్త జపాలు, చివర త్రిత్వ స్తోత్రం. చాలామంది అక్కడ "ఓ నా యేసువా" అనే చిన్న జపం కూడా కలుపుతారు, అది 1917లో పోర్చుగల్‌లోని ఫాతిమాలో మరియమ్మ దర్శనాలతో వచ్చింది. తర్వాతి పెద్ద పూస దగ్గర రెండో రహస్యం. ఇలా ఐదూ తిరిగి మళ్లీ బిళ్ల దగ్గరికి వస్తాం. మరియ తల్లికి వందనం చెప్పే జపంతో ముగించి సిలువ గుర్తు వేసుకోవడమే.

ఏ రోజుకు ఏ రహస్యాలు? సోమ, శనివారాలు సంతోష రహస్యాలు. మంగళ, శుక్రవారాలు దుఃఖ రహస్యాలు. బుధ, ఆదివారాలు మహిమ రహస్యాలు. గురువారం వెలుగు రహస్యాలు. ఈ చివరివి 2002లో రెండో జాన్ పాల్ పాపు గారు చేర్చినవి, అందుకే పాత జపాల పుస్తకాల్లో కనిపించవు.

ఇంతవరకు చెప్పింది వేళ్ల పని. అసలు పని మనసుది, చాలామందికి ఇక్కడే కుదరదు. నోరు గబగబా తిరుగుతుంది, మనసు పొయ్యి మీది పాల దగ్గరికి పోతుంది. పూసలు ఉన్నది ఎందుకు? లెక్క వేళ్లు చూసుకుంటే మనసు ఖాళీగా యేసు వైపు చూస్తుందని. ఖాళీ అయిన మనసుకు చూడడానికి ఒక దృశ్యం కావాలి, దేవరహస్యం ఇచ్చేది అదే.

వెలుగు రహస్యాల్లో రెండోది కానా పెళ్లి, యేసు నీళ్లను ద్రాక్షారసంగా మార్చిన చోటు. పెద్ద పూస పట్టుకుని ఆ పెళ్లింట్లోకి వెళ్లండి. మన పెళ్లిలో రెండో పంక్తికి అన్నం చాలకపోతే ఆడపిల్ల తండ్రి ముఖం ఎలా ఉంటుందో మనకు తెలుసు. అక్కడ ద్రాక్షారసం అయిపోయింది. మొదటి రెండు మూడు పూసలు ఆ కంగారును చూస్తూ చెప్పండి. తర్వాత మరియమ్మ ఎవరూ అడగకుండానే సంగతి కనిపెట్టి కొడుకు చెవిన వేయడం. ఆ తర్వాత పనివాళ్లు ఆరు రాతి బానలను అంచుల దాకా నింపడం. ఆ నీళ్లు మోసినవాళ్ల భుజాల దగ్గర నేను ఎప్పుడూ కాసేపు ఆగుతాను, ఎందుకు మోస్తున్నామో వాళ్లకు తెలియదు కదా. చివరి పూసల్లో "ఆయన చెప్పింది చేయండి" అన్న ఆ తల్లి మాటను మీ ఇంటి సమస్య పక్కన పెట్టి చెప్పండి. పది పూసలు ఎప్పుడు అయిపోయాయో తెలియదు.

మనసు పక్కకు పోతే మళ్లీ మొదటి నుంచి చెప్పక్కర్లేదు. ఏ పూస దగ్గర గుర్తొస్తే అక్కడి నుంచే ముందుకు వెళ్లండి.

ఐదు రహస్యాలకు 20 నిమిషాలు పడుతుంది. అంత తీరిక లేకపోతే ఒక్క పది చెప్పండి. హడావిడిగా చెప్పిన ఐదు వరుసల కంటే నిదానంగా చెప్పిన ఒక్కటి మేలని నా గట్టి నమ్మకం. నేను చిత్తూరుకు ఉద్యోగానికి వెళ్లే రోజుల్లో తిరుపతి బస్టాండులో బస్సు కదలగానే మొదలుపెడితే, చంద్రగిరి దగ్గరికి వచ్చేసరికి ఐదూ పూర్తయ్యేవి. మాల చేతిసంచిలోనే, చెయ్యి దాని మీద. పక్క సీటువాళ్లకు తెలియాల్సిన పని లేదు.

"ఒకే మాట పదే పదే ఎందుకు?" అని మన విశ్వాసులే అడుగుతారు. వ్యర్థమైన మాటలు వల్లించవద్దని యేసు చెప్పిన మాట నిజమే (మత్తయి 6:7). ఆ యేసే తనను పట్టుకునే రాత్రి గెత్సేమనే తోటలో మళ్లీ అవే మాటలతో మూడోసారి ప్రార్థించాడు (మత్తయి 26:44). 136వ కీర్తనలో 26 వచనాలకూ "ఆయన కృప నిరంతరముండును" అన్న ఒకటే పల్లవి. మంగళవార్త జపం మొదటి సగం కూడా లూకా సువార్త మొదటి అధ్యాయంలో గబ్రియేలు దూత, ఎలీసబెతమ్మ అన్న మాటలే.

తిరుపతి లూథరన్ల (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) ఊరు కూడా, దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి కేంద్రం ఇక్కడే. మరియమ్మ జపం చెప్పడానికి మనసొప్పని వాళ్లకూ పూసలు అడ్డు కాదు. 1980లలో ఆంగ్లికన్లు (ఇంగ్లండ్ సంఘం నుంచి వచ్చిన శాఖవాళ్లు) 33 పూసల మాల తయారుచేసుకున్నారు, యేసు భూమి మీద జీవించిన ఏళ్ల లెక్కకు గుర్తుగా. 1995లో ఒక స్వీడన్ లూథరన్ బిషప్ 18 పూసల మాల రూపొందించాడు. అదీ లేకపోతే, ఉన్న మాల మీదే పూసకొకసారి "ప్రభువైన యేసుక్రీస్తూ, దేవుని కుమారుడా, పాపినైన నన్ను కరుణించు" అని చెప్పుకోవచ్చు. తూర్పు సంఘాల్లో ముడుల తాడు మీద శతాబ్దాలుగా చెప్పుకుంటున్న ప్రార్థన అది.

మాల తెగితే టెన్షన్ పడకండి, అపశకునమేమీ కాదు. గట్టి నైలాన్ దారం తీసుకుని పూసలు వరుసగా గుచ్చి, పదికి ఒక ముడి వేయండి. బాగుచేయలేనంతగా పోతే చెత్తలో వేయకుండా మట్టిలో పూడ్చండి.

మా అవ్వ మాలలో మూడో వరుసలో ఏడో పూస పోయింది. దాని బదులు చనిపోయిన తాత చొక్కా గుండీ ఒకటి గుచ్చుకుంది. చీకట్లో కళ్లు మూసుకుని జపం చెబుతున్నా, నాలుగు బొక్కల ఆ గుండీ బొటనవేలికి తగలగానే ఒక్క క్షణం ఆగి, తాత పేరు పలికి, తర్వాతే మంగళవార్త జపం ఎత్తుకునేది. ఇప్పుడు ఆ మాల నా దగ్గరుంది. దారం రెండుసార్లు మార్చాను. గుండీ ఏడో పూస చోటే ఉంది.